పొగ తాగని వాళ్ళ సీఓపీడీ గురించి

సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు మెల్లమెల్లగా మూసుకుపోయి ఆయాసం నిలిచిపోయే ఊపిరితిత్తుల జబ్బు. ఆ పేరు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సిగరెట్లు ఊది ఊది దగ్గుతూ కూర్చున్న ముసలాయన. ఆ బొమ్మ పూర్తిగా తప్పేం కాదు గానీ, దాని వెనకాల మన ఆడవాళ్ళు కనపడకుండా పోతున్నారు. మా అత్తయ్య గారు జన్మలో బీడీ గానీ చుట్ట గానీ ముట్టిన మనిషి కాదు. పదిహేనేళ్ళకే కాపురానికి వచ్చి, తెనాలి పక్క పల్లెటూళ్ళో, కిటికీ కూడా లేని వంటింట్లో, గ్యాసు వచ్చేదాకా కట్టెలపొయ్యి మీదే వండారు. పిడకలు, తాటాకులు, కంది కట్టె, ఊక, వానాకాలం వస్తే తడిసిన కట్టెలు. పొద్దున్నే నీళ్ళ కాగు, గేదెలకి ఉలవలు ఉడకబెట్టడం, తర్వాత ఇంటిల్లిపాదికీ వంట, సాయంత్రం మళ్ళీ మొదలు. ఈరోజు ఆవిడ ఊపిరితిత్తుల పరిస్థితి ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగిన మనిషి పరిస్థితికి ఏమీ తీసిపోదు.

ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో మన దేశం లెక్కలు వచ్చాయి. 1990లో సీఓపీడీ ఉన్నవాళ్ళు 2.81 కోట్ల మంది అయితే 2016 నాటికి 5.53 కోట్లయ్యారట. అంతకన్నా నన్ను ఆపేసింది ఇంకో లెక్క. సీఓపీడీ వల్ల దేశంలో జరుగుతున్న ఆరోగ్య నష్టంలో గాలి కాలుష్యం వాటా 53.7 శాతం, పొగాకుది 25.4 శాతం, చేసే పనిలో పీల్చే దుమ్మూ ధూళిది 16.5 శాతం. గాలి కాలుష్యం అంటే రోడ్డు మీద లారీల పొగ ఒక్కటే కాదు, వంటింటి పొగ కూడా అందులోదే. అంతకు ముందే, 2009లో, పుణెకి చెందిన డాక్టర్ సందీప్ సాల్వి, లండన్‌లో ఉండే ప్రొఫెసర్ పీటర్ బార్న్స్ కలిసి లాన్సెట్‌లో ఒక వ్యాసం రాశారు. ప్రపంచంలో పొగాకు తాగేవాళ్ళు సుమారు 100 కోట్లు, కట్టెలు పిడకల పొగ పీల్చేవాళ్ళు సుమారు 300 కోట్లు అని అందులో చెప్పారు. ఇంత తేడా ఉన్నా మన ఆస్పత్రుల్లో మొదటి ప్రశ్న మాత్రం మారలేదు.

ఆ ప్రశ్న ఏంటంటే "సిగరెట్టు అలవాటుందా?" లేదు అనగానే ఇక ఆ దారిలో ఆలోచన ఆగిపోతుంది. మా అత్తయ్యకి ఏళ్ళ తరబడి జరిగింది అదే. చలికాలం రాగానే దగ్గు తెరలు, గళ్ళ, నాలుగు మెట్లెక్కితే రొప్పు. ఊళ్ళో డాక్టరు గారు ఒకసారి ఆస్తమా అన్నారు, ఒకసారి ఎలర్జీ అన్నారు, ఒకసారి గుండె వీక్ అన్నారు, చివరికి "వయసు మీద పడుతోంది కదమ్మా" అన్నారు. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఒక డెక్సా సూది, ఒక డెరిఫిలిన్ సూది. పొడిచిన గంటలో ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది, అందుకే ఆవిడకి ఆ సూది మీద అంత గురి. కానీ డెక్సా అంటే స్టెరాయిడ్. చీటికీ మాటికీ పొడిపించుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, అసలు జబ్బు మాత్రం తన దారిన తాను ముదురుతూనే ఉంటుంది. పల్లెల్లో ఇప్పటికీ ఆయాసం అంటే సూదే. ఆ సూది వేసే ఆయన మీద నాకు కోపం లేదు, అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనొక్కడే. కానీ జబ్బు పేరు తెలియకుండా అన్నేళ్ళు గడిచిపోయాయన్న బాధ మాత్రం పోదు.

జబ్బు పేరు తేల్చేది ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ అంటారు. ఎక్స్‌రే చాలదు, మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగానే కనిపించవచ్చు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో అట్ట గొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదమంటారు. టెక్నీషియన్ అబ్బాయి పక్కన నిలబడి "ఊదండి మామ్మగారూ, ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకొంచెం, ఆపొద్దు" అని అరుస్తుంటే మా అత్తయ్య ముఖం కందగడ్డలా అయిపోయింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. తర్వాత మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించారు. ఊదిన గాలి మొత్తంలో మొదటి సెకండులో ఎంత బయటికి వచ్చిందో చూస్తారన్నమాట. మందు పీల్చాక కూడా అది 70 శాతం కంటే తక్కువుంటే గాలిగొట్టాలు మూసుకుపోతున్నట్టు లెక్క. కొన్ని వందల రూపాయలతో అయిపోయే పరీక్ష, ఈసీజీ తీసినంత మామూలుగా అన్ని ఏరియా ఆస్పత్రుల్లో జరగాల్సింది. (దగ్గు రెండు వారాలు దాటితే ముందు గళ్ళ పరీక్ష చేయించి టీబీ కాదని తేల్చుకోవాలి. పాత టీబీ వచ్చి తగ్గినవాళ్ళకి కూడా తర్వాత ఇలాంటి ఆయాసమే మిగిలిపోవచ్చు, అది వేరే పోస్టు రాయాల్సినంత సంగతి.)

ఆయాసం అంటే గాలి అందకపోవడం అనుకుంటాం. ఈ జబ్బులో అసలు చిక్కు గాలి బయటికి పోకపోవడం. వాచి, సాగుడు పోయిన చిన్న చిన్న గాలిగొట్టాలు ఊపిరి వదిలేటప్పుడు మూసుకుపోతాయి, లోపల గాలి ఇరుక్కుపోతుంది. ఇక కొత్త ఊపిరికి చోటేదీ? కంగారులో ఇంకా వేగంగా పీలుస్తాం, ఇంకా ఇరుక్కుంటుంది. అందుకే ఆయాసం వచ్చిన మనిషిని "గట్టిగా పీల్చు, గట్టిగా పీల్చు" అనకూడదు. మెల్లగా వదలమనాలి, పీల్చినంత సేపటికి రెండింతలు వదలమనాలి.

దీన్ని మా అత్తయ్యకి నేర్పిన అమ్మాయి ఒక ఫిజియోథెరపిస్టు. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలండి అని ఎంత చెప్పినా ఈవిడకి అర్థం కాలేదు, ఒకసారి ఈల వేసినట్టు, ఒకసారి ఉఫ్ అని కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదుతున్నారు. అప్పుడా అమ్మాయి "మామ్మగారూ, మీరు పొయ్యి ఊదేవారు కదా, ఊదుగొట్టంతో? నిప్పు రాజుకోవాలి, బూడిద మాత్రం ముఖాన పడకూడదు, అట్లా ఊదండి" అంది. అంతే, మొదటిసారికే వచ్చేసింది. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, కొంచెం ముందుకి వంగి, కళ్ళు సగం మూసుకుని నిదానంగా ఊదుతుంటే, ఏ పనైతే ఆ ఊపిరితిత్తుల్ని అట్లా చేసిందో ఆ పని నేర్పిన ఊపిరే ఇప్పుడు పనికొస్తోందని నాకు ఒక్కసారి గొంతు పట్టేసింది. ఆవిడకి అదేం పట్టలేదు, "ఇది ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

నిజమే, ముందే చెప్పొచ్చు. నేను ఈ పోస్టు రాస్తున్నదే అందుకు. మందు రాసే డాక్టర్లు ఉన్నారు, మంచివాళ్ళూ ఉన్నారు. ఈ జబ్బుతో రోజు ఎట్లా గడపాలో నేర్పే చోటు మాత్రం దాదాపు లేదు. ఆ నేర్పడానికి పల్మనరీ రిహాబిలిటేషన్ అని పేరు. వారానికి రెండు మూడుసార్లు, రెండు మూడు నెలల పాటు, ఒక పద్ధతిలో నడిపిస్తారు, కాళ్ళకీ చేతులకీ వ్యాయామం చేయిస్తారు, ఊపిరి వదలడం, గళ్ళ బయటికి తెచ్చుకోవడం, మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) వాడకం, తిండి, కంగారు పడకుండా ఉండడం అన్నీ నేర్పుతారు. ఇదేదో అదనపు హంగు కాదు. 2015లో కాక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని కలిపి తూకం వేసే సంస్థ వాళ్ళు 65 ట్రయల్స్ (రోగుల మీద పద్ధతిగా చేసిన పరీక్షలు) కలిపి చూసి, దీనివల్ల ఆయాసం, నీరసం తగ్గుతాయని, నడవగలిగే శక్తి పెరుగుతుందని, ఇక ఇది పనిచేస్తుందా లేదా అని తేల్చడానికి కొత్తగా ట్రయల్స్ అక్కర్లేదన్నంత గట్టిగా చెప్పారు. దీనికి పెద్ద మిషన్లు కూడా అక్కర్లేదు. ఒక వరండా, నాలుగు కుర్చీలు, వేలికి పెట్టే ఆక్సీమీటరు, ఓపికున్న ఒక ఫిజియో ఉంటే చాలు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి ఉంది, విశాఖలో ఛాతీ ఆస్పత్రి ఉంది, మెడికల్ కాలేజీల్లో పల్మనాలజీ, అంటే ఊపిరితిత్తుల, విభాగాలు ఉన్నాయి. కానీ రోజూ ఆయాసపడే మనిషి వారానికి మూడుసార్లు అంత దూరం ఎట్లా వెళ్తుంది? ఆటో ఎక్కి దిగేసరికే ఆవిడ పని అయిపోతుంది. ఇది మండల స్థాయిలో ఉండాల్సిన సదుపాయం, కుదరకపోతే ఒక ఫిజియో ఇంటికే వచ్చి నాలుగుసార్లు చూపించి వెళ్ళాలి.

ఇంట్లో ఆయాసం ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో పక్కనుండి చూస్తే గానీ తెలియదు. నడకలో ఉంటుందని అందరికీ తెలుసు. జడ వేసుకోవడంలో ఉంటుందని ఎవరికి తెలుసు? చేతులు పైకెత్తితే చాలు, ఊపిరికి సాయం చేసే భుజం కండరాలు ఆ పనికి పోతాయి, రొప్పు మొదలవుతుంది. ఇప్పుడు ఆవిడ మోచేతులు బల్ల మీద ఆనించి దువ్వుకుంటారు, లేదా నేను వేస్తాను. స్నానానికి బాత్‌రూంలో ప్లాస్టిక్ కుర్చీ, నీళ్ళు మరీ వేడిగా ఉండకూడదు, ఆవిరి నిండకుండా తలుపు కాస్త తెరిచి ఉంచాలి. చీర కుచ్చిళ్ళు మంచం మీద కూర్చునే సర్దుకుంటారు. వంగి లేచే పని ఏదైనా ఊపిరి వదులుతూ వంగాలి. అన్నం కంచం నిండా పెట్టుకుని ఒకేసారి తింటే పొట్ట నిండి ఊపిరికి అడ్డం వస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. ఈ జబ్బులో కండ కరిగిపోతుంది, ఊపిరి తీసుకోవడమే ఒళ్ళు వంచి చేసే పనిలా తయారవుతుంది గనక. పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం సెనగలో పెసలో. గుడ్డు విషయంలో కార్తీక మాసంలో మాత్రం ఆవిడ నా మాట వినరు, ఆ నెల పెరుగూ పన్నీరూ.

పంపు సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మందు సరైనదే అయినా లోపలికి పోకపోతే లాభం లేదు. పంపులు ప్రధానంగా రెండు రకాలు, రెండింటి పద్ధతీ తలకిందులు. క్యాప్సూల్ వేసి తిప్పే పొడి మందు అయితే వేగంగా, బలంగా లాగాలి. నొక్కితే పిచికారీ కొట్టే రకం అయితే నిదానంగా, లోతుగా పీల్చాలి, దానికి మధ్యలో స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా ఉంటే పెద్దవాళ్ళకి చాలా తేలిక. ఏదైనా సరే పీల్చాక పది సెకండ్లు బిగబట్టాలి. పొడి రకం పంపులోకి ఊపిరి వదలకూడదు, తేమ తగిలి పొడి ముద్దకడుతుంది. వాడాక క్యాప్సూల్ విప్పి చూడండి, లోపల ఇంకా తెల్లగా పొడి మిగిలి ఉంటే మళ్ళీ పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న పంపు అయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది. ఇదంతా మందులషాపులో కౌంటర్ మీద చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ప్రతిసారీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పంపు వెంట తీసుకెళ్ళి, వాళ్ళ ముందే పీల్చి చూపించండి. ఇక "పంపుకి అలవాటు పడిపోతారు" అన్న మాట ఒకటి ఉంది, దీనివల్ల ఎంతమంది మందు మానేసి మూలుగుతున్నారో. కళ్ళజోడు పెట్టుకున్న మనిషిని అలవాటు పడ్డావు తీసెయ్ అంటామా? మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వెళ్ళి చేప ప్రసాదం తీసుకునే వాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్ళ నమ్మకాన్ని నేను ఏమీ అనను, వెళ్తే వెళ్ళండి, పంపు మాత్రం జేబులో పెట్టుకునే వెళ్ళండి, వచ్చాక కూడా మానకండి.

ఆక్సిజన్ మిషన్ మా ఇంటికి వచ్చాక కొత్త చదువు మొదలైంది. కరోనా తర్వాత ఆక్సిజన్ అంటే అందరికీ ఒకటే లెక్క, ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదని. ఈ జబ్బులో అట్లా కాదు. ముదిరిన సీఓపీడీ వాళ్ళలో కొందరికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మత్తులోకి జారిపోతారు. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు ఆక్సీమీటరులో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉండేట్టు చూస్తారు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సు వాళ్ళతో చేసిన ఒక ట్రయల్, 2010లో వచ్చింది, అట్లా కొలిచి ఇచ్చినప్పుడు చావులు బాగా తగ్గాయని చూపించింది. ఇంట్లో చుట్టాలు వచ్చి ఆక్సీమీటరులో 90 చూసి "అయ్యో, తగ్గిపోయింది" అని నాబ్ తిప్పబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపేస్తాను, మర్యాద సంగతి తర్వాత. ఇంటికి ఆక్సిజన్ ఎవరికి అవసరమో కూడా ఒక లెక్క ఉంది. కుదురుగా కూర్చున్నప్పుడు కూడా 88 లేదా అంతకన్నా తక్కువ ఉండేవాళ్ళకి, రోజుకి 15 గంటలకి తక్కువ కాకుండా పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లో అమెరికా, బ్రిటన్లలో జరిగిన రెండు ట్రయల్స్ తేల్చాయి. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకుని తీసేస్తే ఆ లాభం రాదు. అంత తక్కువ లేనివాళ్ళకి పెట్టినా ఉపయోగం కనబడలేదని 2016లో ఇంకో పెద్ద అమెరికా ట్రయల్ చెప్పింది. కాబట్టి కొనేముందు డాక్టరుతో పరీక్ష చేయించుకోండి, షాపువాడి మాట మీద కొనకండి.

పదిహేను గంటలంటే కరెంటు బిల్లు. కరెంటు పోతే టెన్షన్. ఇన్వర్టర్ మీద ఎంతసేపు నడుస్తుందో చూసుకోవాలి, పక్కన ఒక సిలిండరు నింపి పెట్టుకోవాలి. బ్రిటన్‌లో ఇంట్లో ఆక్సిజన్ మిషన్ వాడేవాళ్ళకి దాని కరెంటు ఖర్చు తిరిగి ఇస్తారు. మాకు ప్రతి నెలా బిల్లు చేతికొచ్చినప్పుడు అత్తయ్య ఆ కాగితం వైపు చూడకుండా "రాత్రి పూట తీసేస్తాలే అమ్మాయ్" అంటారు. "మీరు తీస్తే నేను లేచి మళ్ళీ పెడతాను అత్తయ్యా" అంటాను. ఇది ప్రతి నెలా జరిగే మాటే.

ఇంకో జాగ్రత్త, మన ఇళ్ళల్లో ఇది ముఖ్యం. ఆక్సిజన్ గొట్టం ముక్కుకి ఉండగా దీపం దగ్గరికి వెళ్ళకూడదు. అగరొత్తులు, కర్పూరం, గ్యాసు పొయ్యి ఏదీ కూడదు. నిప్పుకి ఆక్సిజన్ తోడైతే క్షణంలో అంటుకుంటుంది. మా అత్తయ్యకి పొద్దున్నే దీపం పెట్టకపోతే మనసు మనసులో ఉండదు. ఇప్పుడు దీపం నేను వెలిగిస్తాను, ఆవిడ గది గుమ్మం అవతల కుర్చీలో కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటారు. అగరొత్తులు పూర్తిగా మానేశాం. దోమల చుట్ట కూడా. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని 2003లో ఒక అధ్యయనంలో కొలిచారు, తలుపులన్నీ మూసి మంచం కింద పెట్టుకుంటాం మనం దాన్ని. దోమతెర కొనుక్కోండి.

పరిశోధన సంగతికొస్తే, ఇన్నేళ్ళ తర్వాత ఈ జబ్బుకి కొత్త మందులు రావడం మొదలైంది, సంతోషమే. అమెరికాలో 2024 జూన్‌లో ఎన్సిఫెంట్రిన్ అనే నెబులైజర్ మందుకి, సెప్టెంబర్‌లో డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కి సీఓపీడీలో వాడడానికి అనుమతి ఇచ్చారు. రెండోది రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువున్న కొందరికే, రెండు వారాలకోసారి. మనలాంటి ఇళ్ళకి వీటి ధర అందేది కాదు, అది ఒక బాధ. అంతకన్నా నాకు కష్టంగా అనిపించేది ఇంకోటి. సీఓపీడీ మందుల పెద్ద ట్రయల్స్‌లో చేరాలంటే సాధారణంగా ఉండే షరతు, రోజుకో పెట్టె చొప్పున కనీసం పదేళ్ళు తాగినంత సిగరెట్ల లెక్క ఉండాలి. అంటే మా అత్తయ్య లాంటి వాళ్ళకి ఆ గుమ్మంలోకే రానివ్వరు. పోనీ పొగ ఏదైనా జబ్బు ఒకటే కదా అనుకుందామంటే అదీ కాదు. మెక్సికోలో కట్టెలపొయ్యి ఆడవాళ్ళనీ సిగరెట్లు తాగిన ఆడవాళ్ళనీ పక్కపక్కన పెట్టి స్కాన్లు తీసి చూస్తే, పొయ్యి పొగ వాళ్ళలో ఊపిరితిత్తి కణజాలం చిల్లులు పడడం తక్కువ, గాలి ఇరుక్కుపోవడం ఎక్కువ కనిపించింది. జబ్బు రూపు వేరైనప్పుడు మందు అదే మోతాదులో అట్లాగే పనిచేస్తుందని ఎవరు చెప్పగలరు? దీన్ని పరిశోధించాల్సింది మనమే, ఇంతమంది ఉన్నది మన దగ్గరే కాబట్టి. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో ఏపీక్యాప్స్ అని కొన్ని ఊళ్ళ కుటుంబాలని ఏళ్ళ తరబడి గమనిస్తున్న అధ్యయనం ఉంది, అక్కడే గాలి కాలుష్యానికీ గుండె జబ్బులకీ సంబంధం మీద కూడా పని జరిగింది. అలాంటిదే ఆయాసం మీద, ఊదే పరీక్షతో సహా, కృష్ణా గోదావరి జిల్లాల్లో, శ్రీకాకుళంలో, పాలమూరులో జరగాలని నా కోరిక.

వంటిల్లు మారిస్తే లాభం ఉంటుందా అంటే ఉంటుంది. చైనాలో గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో బయోగ్యాస్, పొగ బయటికి పోయే ఏర్పాటు పెట్టి తొమ్మిదేళ్ళు చూశారు, అవి వాడిన వాళ్ళలో ఊపిరితిత్తుల శక్తి తరిగే వేగం తగ్గింది. 2014లో వచ్చింది ఆ ఫలితం. మన దగ్గర 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి లక్షల ఇళ్ళకి గ్యాసు చేరింది, నేను వాటిని చాలా గొప్ప పనులుగానే చూస్తాను. కానీ పల్లెలో పెరట్లోకి వెళ్ళి చూడండి, నీళ్ళ కాగు కింద ఇప్పటికీ కట్టెలే. సిలిండరు ధర పెరిగిన నెలలో పప్పు కూడా అక్కడే ఉడుకుతుంది.

చట్టంలో కూడా ఈ జబ్బున్న వాళ్ళకి చోటు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, తలసేమియా, హీమోఫిలియా, పార్కిన్సన్స్ కూడా ఉన్నాయి, ఉండాల్సిందే. ఆక్సిజన్ గొట్టం లేకుండా గుమ్మం దాటలేని మనిషి మాత్రం ఆ జాబితాలో లేదు. మంచం దిగి బాత్‌రూంకి నడవడానికి మధ్యలో ఆగి గోడ పట్టుకునే ఆవిడకి ఇది వైకల్యం కాదంటే ఇంకేమనాలి?

చివరగా మనిషి తోడు సంగతి. కరోనా తర్వాత దగ్గే మనిషిని చూస్తే జనం పక్కకి జరుగుతారు. పెళ్ళిళ్ళకి పిలుస్తారు గానీ, వెళ్తే తల తిప్పి చూస్తారు. అత్తయ్య మెల్లగా బయటికి వెళ్ళడం మానేశారు, భజన కూడా. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల జబ్బులున్న వాళ్ళని పోగేసి పాటలు పాడిస్తారు, ఊపిరిని పొదుపుగా వాడడం అలవాటవుతుందని, నలుగురితో కలిసినట్టూ ఉంటుందని. అది చదివాక నేను భజన మండలి వాళ్ళనే మా ఇంటికి రమ్మన్నాను. శనివారం సాయంత్రం నలుగురైదుగురు వస్తారు. అన్నమయ్య కీర్తన పల్లవి అందరూ పాడతారు, చరణం మధ్యలో అత్తయ్య ఆగితే పక్కావిడ అందుకుంటుంది, ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ కలుస్తారు. ఆ మండలిలోనే ఇంకో ఇద్దరికి కూడా మెట్లెక్కితే ఆయాసం ఉందని మెల్లగా బయటపడింది. ఇద్దరూ కట్టెలపొయ్యి వాళ్ళే. ఒకావిడని ఊదే పరీక్షకి తీసుకెళ్ళాను. రెండో ఆవిడ కొడుకు బెంగళూరు నుంచి వచ్చాక చూద్దాం అంటోంది.

మీ ఇంట్లో నలభై దాటిన ఆడవాళ్ళుంటే, ముందుకంటే మెల్లగా నడుస్తున్నారా, మాట మధ్యలో ఆగుతున్నారా, చలికాలం దగ్గు ఎండాకాలం దాకా పోతోందా గమనించండి. గళ్ళ రంగు మారితే, ఆయాసం రోజూ ఉండేదానికన్నా పెరిగితే, రెండు రోజులు చూద్దాం అనుకోకుండా వెంటనే చూపించండి, అలాంటి తిరగబెట్టుడు ఒక్కొక్కటీ ఊపిరితిత్తుల్ని ఒక మెట్టు దించి వెళ్తుంది. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినట్టు వేయించండి. ఆశా వర్కర్లు ముప్పై దాటిన వాళ్ళ కోసం ఇంటింటికీ ఒక ఫారం పట్టుకొస్తారు, సీబాక్ అంటారు, షుగర్, బీపీ ప్రశ్నలతో పాటు అందులో ఆయాసం ఉందా అనీ, వంట దేనిమీద చేస్తారనీ కూడా ఉంటాయి. ఆ రెండో ప్రశ్న దగ్గర "గ్యాసు" అని చెప్పి ఊరుకోకండి. ఇప్పుడు గ్యాసే, కానీ అంతకు ముందు ఇన్నేళ్ళు కట్టెలపొయ్యి మీద వండారని చెప్పి రాయించండి, రాయడానికి గడి లేకపోతే పక్కన మార్జిన్‌లో రాయమనండి, స్పైరోమెట్రీకి ఎక్కడికి పంపుతారో అక్కడే అడగండి.